తలుపులు తీసిన తద్దినం

పరాసుపేటలో పొద్దు పొడవగానే పాండురంగ గారు పాల ప్యాకెట్లకు తలంటు మొదలుపెట్టారు. ముందు సబ్బునీళ్ళు, ఆపైన పసుపునీళ్ళు, చివర్న శానిటైజరు. బందరు కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి రిటైరైన మనిషి, పసిపిల్లకు నలుగు పెట్టినంత ఓపికగా ప్యాకెట్లు రుద్దుతుంటే, వంటింటి గుమ్మంలో నిలబడ్డ త్రిపురసుందరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఏవండీ, వాటిని కాచాలి. కాపురానికి పంపక్కర్లేదు."

"నవ్వు సుందరీ, నవ్వు. ఏడాదిన్నరగా ఈ గడపలోకి వైరస్ రాలేదంటే ఈ చేతుల చలవే."

"వైరస్ రాలేదు సరే. వైరం వచ్చి పీట వేసుకు కూర్చుంది. దాన్నెవరు కడుగుతారు?"

ఆ మాటకి పాండురంగ గారు చప్పున కుళాయి కట్టేశారు. ఆ వైరం ముందురోజు సాయంత్రం ఫోన్లో పుట్టింది. 'బందరు బంధువులు' అని వాళ్ళకో వాట్సాప్ గ్రూపుంది. పేరుకి బంధువులే గానీ వీధిలో సగం మంది, కాలేజీ స్టాఫులో పావు మంది అందులోనే ఉన్నారు. అందులో పాండురంగ గారు రోజూ ఒక వాయిస్ మెసేజి పెడతారు. ఆయన గొంతు వినందే కొందరికి కాఫీ దిగదు. నిన్నటి మెసేజిలో, "ఇది గాలిలో వస్తుందన్నది ఒట్టి గాలి కబురు! చేతులు కడగండి, ఎడంగా కూర్చోండి, ఎవర్నీ ముట్టుకోకండి. మన పెద్దలు మడి ఎందుకు పెట్టారనుకున్నారు?" అని గర్జించారు. గ్రూపు నిండా దణ్ణాలు, పువ్వులు రాలాయి.

ఆ పువ్వుల మధ్యలో కూతురు వేదశ్రీ ముల్లు నాటింది. "నాన్నగారు చెబుతున్నది నిరుటి మాట. మూసిన గదిలో ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీలిస్తే వస్తుందని ఇప్పుడు శాస్త్రవేత్తలే ఒప్పుకుంటున్నారు. కిటికీలోనే ఉంది కిటుకు. తీసి పెట్టుకోండి."

వేదశ్రీ విజయవాడలో ఫార్మసీ కాలేజీ లెక్చరరు. ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని ఇంట్లోనే ఉంటోంది. తండ్రి ధాటీ తండ్రి మొండితనమూ రెండూ పుణికిపుచ్చుకుంది. ఆ ఒక్క మెసేజితో గ్రూపు చేతుల పార్టీ, గాలి పార్టీ అని నిలువునా చీలిపోయింది. పక్కింటి శ్యాంబాబు ఎటూ తేల్చుకోలేక రెండు పార్టీలకీ దణ్ణాలు పెట్టాడు.

"నలుగురిలో నన్ను కాదంటుందా నా కూతురు?" అని పాండురంగ గారు రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"మిమ్మల్ని కాదనలేదు నాన్నా, మీరన్న మాటని కాదన్నాను. టీకా రెండు డోసులూ వేయించుకున్నారుగా, తాత్పర్యం కూడా కాస్త ఒంటబట్టనివ్వండి," అంది వేదశ్రీ. దాంతో మజ్జిగ కూడా మానేశారు.

త్రిపురసుందరి మాత్రం ఏ పార్టీలోనూ చేరలేదు. ఆవిడ గుండెల్లో వేరే బరువుంది.

ఆ బరువు పేరు సీతాపతి. ఆవిడ తమ్ముడు. గుడివాడలో ఉండేవాడు. నిరుడు శ్రావణంలో, జంధ్యాల పౌర్ణమి వెళ్ళిన రెండు వారాలకే ఆసుపత్రిలో పోయాడు. ఒక్కగానొక్క తమ్ముడు. కడచూపు కూడా దక్కలేదు. వీడియో కాల్లో ఒక సంచీని చూపించి అదే మీ తమ్ముడన్నారు. అప్పట్నుంచి ఈ ఇంట్లో పాండురంగ గారు సీతాపతి పేరెత్తలేదు. ఆవిడ ఎత్తితే లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోతారు. పోయిన నెల సాంవత్సరికానికి రమ్మని మరదలు భానుమతి ఏడుస్తూ ఫోన్ చేస్తే, బస్సులో కమ్మీ పట్టుకోవాలి, రానన్నారు. ఆవిడ ఒక్కతే వెళ్ళి వచ్చింది. నా తమ్ముడంటే ఈయనకి ఇంతేనా అన్న ప్రశ్న ఏడాదిగా ఆవిడని తొలుస్తూనే ఉంది.

ఇవాళ మహాలయం. ఏటా భాద్రపదంలో పోయిన పెద్దలందరికీ పెట్టే తద్దినం. నిరుడు లాక్‌డౌన్లని, కరోనా అని పెట్టలేదు. అందుకు అత్తగారు సత్యవతమ్మ కొడుకుని ఏడాది పొడుగునా దెప్పుతూనే ఉంది.

"ఒరే పాండూ, మీ నాన్న నిరుడు పస్తు పడుకున్నాడు. ఈసారి కూడా ఆ చైనా జ్వరం పేరు చెప్పావో, నేనే వెళ్ళి ఆయనకి వండి పెడతా."

ఎనభై దాటిన మనిషి. ఊపిరితిత్తులు బలహీనం. మడిలో ఉండగా పరాయి చెయ్యి తగలకూడదని టీకా కూడా వేయించుకోలేదు. మడిలో లేనప్పుడు వేయించుకోవచ్చుగా మామ్మా అంటే, "మడిలో లేనప్పుడు నిద్రలో ఉంటాను," అంటుంది.

వేదశ్రీ కాఫీ గ్లాసుతో వచ్చి తండ్రి ఎదుట నిలబడింది.

"నాన్నా, ఒక్కటే అడుగుతాను. తద్దినం మానమనట్లేదు. హాల్లో కాకుండా వరండాలో పెట్టండి. లేదంటే హాలు తలుపులూ కిటికీలూ తెరిచి పెట్టండి."

"భోక్తలు విస్తళ్ళ ముందు కూర్చుంటే తలుపు వేయడం ఈ ఇంటి ఆచారం. పరాయి చూపు పడితే పితృదేవతలు ముద్ద ముట్టరు."

"పితృదేవతల సంగతి తెలీదు. తినేటప్పుడు భోక్తలు మాస్కు తీస్తారుగా? ఈ పదిహేను రోజులూ వాళ్ళు రోజుకో ఇంట్లో, మూసిన గదిలో కూర్చుని తింటున్నారు. నిన్న ఎక్కడ తిన్నారో, మొన్న ఎక్కడ తిన్నారో! ఆ గదిలోనే మామ్మ కూడా కూర్చుంటుంది."

"దూరంగా పీట వేస్తాను. విస్తళ్ళు పసుపునీళ్ళతో కడిగాను. పీటలు కడిగాను. గడియ కూడా కడిగాను!"

"గడియ కడిగారు సరే, గాలిని ఎట్లా కడుగుతారు నాన్నా?"

"గాలి, గాలి, గాలి! గాలి కాదు అని చెబుతున్నానా!"

అరుపుకి పెరట్లో కాకులు ఎగిరిపోయాయి. వట్టి కోపం కాదది. త్రిపురసుందరి విస్తుపోయి చూసింది. కాలేజీలో కుర్రాళ్ళు బల్లలు గుద్దినా చమత్కారంతో చల్లార్చే మనిషి, ఈ ఒక్క మాట దగ్గరే ఇలా గొంతు చించుకుంటాడేం?

*

పది గంటలు దాటాక దుర్గాప్రసాద్ శాస్త్రిగారు, మొవ్వ నుంచి ఇద్దరు భోక్తలు ఆటో దిగారు. భోక్తలిద్దరూ వయసు మళ్ళినవాళ్ళే. గేటు దగ్గరే పాండురంగ గారు చేతులకి శానిటైజరు, కాళ్ళకి నీళ్ళు ఇచ్చారు.

"ఈ యేడు గిరాకీ ఎలా ఉంది శాస్త్రిగారూ?" అన్నారు మాట కలపడానికి.

"గిరాకీకేం లోటండీ? పెట్టించుకునే పెద్దలు పెరిగారు. పెట్టించే మావాళ్ళే తగ్గారు," అన్నాడు శాస్త్రి మాస్కు సర్దుకుంటూ. "నాతో తిరిగే భోక్తలు ఇద్దరు నిరుడు విస్తరి ముందు కూర్చున్నారు. ఈ యేడు వాళ్ళ కొడుకులు వాళ్ళ పేరు మీద విస్తళ్ళు వేస్తున్నారు."

వంటింట్లోంచి విన్న త్రిపురసుందరి చేతిలో గరిటె ఆగిపోయింది.

తెల్లవారుజామున తడిబట్టతో మొదలుపెట్టిన వంట ముగిసింది. గారెలు, పరమాన్నం, నువ్వుల పచ్చడి, అరటికాయ కూర అన్నీ తెచ్చి హాలు మూలన సర్దింది. సత్యవతమ్మ గోడవారగా పీట మీద కూర్చుంది. పాండురంగ గారు పంచె బిగించి, చెయ్యి తగలకుండా చెంబుతో నీళ్ళు పోసి భోక్తల కాళ్ళు కడిగారు. ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేదు. పీటకీ పీటకీ మధ్య గేదె పట్టేంత జాగా. చూడ్డానికి అంతా పద్ధతిగానే ఉంది.

అప్పుడాయన కిటికీలు వేయడం మొదలుపెట్టారు.

మొదటి రెక్క టప్పున పడింది. రెండోది పడింది. మూడో రెక్క చప్పుడుకి త్రిపురసుందరి కళ్ళ ముందు గుడివాడలో తమ్ముడి హాలు మెదిలింది. నిరుడు జంధ్యాల పౌర్ణమి నాడు ఆవిడ కూడా అక్కడే ఉంది. మగవాళ్ళందరూ కొత్త జంధ్యాలు వేసుకుని వరసగా కూర్చున్నారు. ఏర్పాట్లన్నీ ఈయనవే. "బావగారు చూసుకుంటున్నారంటే కరోనా కూడా కాళ్ళు కడుక్కుని రావాలి," అని సీతాపతి నవ్వాడు. పీటలు ఎడంగా వేశారు. చేతులు కడిగించారు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. హోమం మీద జల్లు పడుతుందని ఈయనే లేచి, ఇదిగో ఇట్లాగే, ఒక్కొక్క కిటికీ వేశారు. ఆపైన ఏసీ వేశారు. అందరూ గొంతెత్తి మంత్రం చదివారు. చాలాసేపు చదివారు. వారం తిరక్కుండా వరసలో సగం మందికి జ్వరం.

త్రిపురసుందరి భర్త చేతిని చూసింది. గడియ మీద ఆ చెయ్యి వణుకుతోంది.

ఆ వణుకుతో ఆవిడకి మొత్తం తెలిసిపోయింది. గాలి కాదు, గాలి కాదు అని ఈయన రోజూ గ్రూపులో అరుస్తున్నది గ్రూపు కోసం కాదు. గాలే అయితే, ఆ కిటికీలు వేసిన చెయ్యి ఇదే. అందుకే రోజంతా కడుక్కుంటున్నాడు. ఏడాదిగా కడుక్కుంటూనే ఉన్నాడు.

అప్పటికాయన వీధి తలుపు దగ్గరికి వచ్చారు. ఒక రెక్క వేశారు. రెండో రెక్క మీద చెయ్యి వేసేలోగా త్రిపురసుందరి గబగబా వెళ్ళి, గుమ్మం అవతల నిలబడ్డ వేదశ్రీ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా! నేను స్నానం చేయలేదు, నీ మడి!" అంది వేదశ్రీ కంగారుగా.

"తెలుసు. అందుకే పట్టుకున్నా."

మైలబట్టల కూతుర్ని ముట్టుకుని, మడి పోగొట్టుకుని, ఆవిడ వచ్చి గుమ్మం మధ్యలో, రెండు రెక్కల సందున నిలబడింది. చేతులు రెండూ చాపి ద్వారబంధాలు పట్టుకుంది.

"ఇప్పుడు నేను మైల. తలుపు వేయాలంటే నన్ను జరపాలి. జరపాలంటే ముట్టుకోవాలి. ముట్టుకుంటే మీ మడి గంగలో కలుస్తుంది. ఎవరొస్తారో రండి."

హాల్లో ఎవ్వరూ కదల్లేదు. కదలడానికి దారి లేదు. తద్దినం పెట్టే కర్త మడిలో ఉన్నాడు, భోక్తలు మడిలో ఉన్నారు, శాస్త్రి మడిలో ఉన్నాడు, సత్యవతమ్మ సంగతి సరేసరి. అంతమంది ఒక్క ఆడమనిషిని గుమ్మంలోంచి పక్కకి జరపలేక నిలువుగుడ్లేసుకు చూశారు.

"సుందరీ, మతి పోయిందా? వేళ మించిపోతోంది!"

"మించనివ్వండి. కిటికీలు తీయండి."

"అమ్మా, చూశావా నీ కోడలి నిర్వాకం!"

"ఏవే త్రిపురా," అంది సత్యవతమ్మ తీవ్రంగా. "నా ఇంట ఈ పాటి ధిక్కారం ఎప్పుడూ ఎరగను. నలభై ఏళ్ళు నా వెనకాల మడి కట్టి ఇవాళ మడినే అడ్డం పెడతావా?"

"అడ్డం పెట్టడానికి నా దగ్గర ఇంకేం ఉంది అత్తయ్యగారూ? మాట చెబితే వినరు. మీ మనవరాలు చదువు చెబితే వినరు. మడి చెబితే వింటారు. అందుకని దానితోనే చెబుతున్నాను."

"నాన్నా, తీసేయండి నాన్నా," అంది వెనక నుంచి వేదశ్రీ.

"నువ్వు మాట్లాడకు! అంతా నీ వల్లే! గాలి అంటూ ఇంట్లో గాలిదుమారం లేపావు. నేను చెబుతున్నాను, గాలి కాదు! కాదంటే కాదు!"

"గాలేనండీ," అంది త్రిపురసుందరి.

మొదటిసారి ఆవిడ ఒక పార్టీలో చేరింది.

"గాలే. మీకూ తెలుసు. గుడివాడలో మనం ఎవరం ఎవర్నీ ముట్టుకోలేదు. గంటకోసారి చేతులు కడిగాం. అయినా సీతాపతి పోయాడు."

ఆ పేరు వినగానే పాండురంగ గారి కళ్ళు చెంబు కోసం, నీళ్ళ కోసం వెతికాయి. దారికి అడ్డంగా ఆవిడే ఉంది.

"ఇవాళ ఎక్కడికీ వెళ్ళలేరు. వినండి. ఆ రోజు కిటికీలు మీరే వేశారు."

"సుందరీ..."

"మీరే వేశారు. చినుకులు పడుతున్నాయని వేశారు. అప్పటికి టీవీలూ పేపర్లూ అన్నీ చేతులు కడగమనే చెప్పాయి. మీరూ అదే చేశారు, నేనూ చేశాను. కిటికీ వేయొద్దని నాకూ తోచలేదు. ఏడాదిగా నా తమ్ముడంటే మీకు లెక్కలేదనుకుని లోపల్లోపల మిమ్మల్ని తిట్టుకున్నాను. ఇందాక గడియ మీద మీ చెయ్యి చూసేదాకా నాకు తెలీలేదు."

 వాగ్ధాటికి పేరుపడ్డ పాండురంగ గారి వీపు వంగిపోయింది. 

"నేనే కదూ," అన్నారు, కూతురికి కూడా వినపడనంత చిన్నగా. "నేనే కదూ వేసింది? వాడు 'కాస్త ఉక్కగా ఉంది బావగారూ' అన్నాడు కూడా. ఏసీ వేశాగా, ఉక్కేమిట్రా అన్నాను. గాలి అయితే... నేను..."

"అది తప్పు కాదు. తెలియనప్పుడు చేసింది తప్పు కాదు," అంది త్రిపురసుందరి. చేతులు దించలేదు. "ఇవాళ తెలుసు. తెలిసి ఈ రెక్క వేస్తే అది తప్పు. మీదీ నాదీ కూడా. ఇంకో ఇంట్లో, ఇంకో అక్క, ఫోన్లో సంచీని చూడకూడదు. నా తమ్ముడు పోతే పోయాడు, వాడి చావు నేర్పిన ముక్కని మాత్రం చావనివ్వను. కావాలంటే సాయంత్రం దాకా ఇక్కడే నిలబడతాను. పితృదేవతలకి కోపం వస్తే నా మీదకి రమ్మనండి, నేను చెప్పుకుంటాను."

 పెద్ద భోక్త నెమ్మదిగా దగ్గి, దగ్గినందుకు సిగ్గుపడి, "తల్లీ, మా మాట ఎవరూ అడగరు గనక చెప్పం గానీ, మూసిన గదిలో కూర్చోవాలంటే మాకూ భయంగానే ఉంటోంది," అన్నాడు.

శాస్త్రి తల ఊపాడు. "తలుపు వేయడం ఇంటి ఆనవాయితీ అండీ మాస్టారూ. మంత్రంలో ఎక్కడా గడియ లేదు."

అందరూ సత్యవతమ్మ వైపు చూశారు. ఆవిడ కోడలి చాపిన చేతుల్నీ, వంగిపోయిన కొడుకు వీపునీ మార్చి మార్చి చూసింది.

"పాండూ."

"అమ్మా."

"మీ నాన్న ఉబ్బసం మనిషిరా. ఏడాదిలో పది నెలలు వీధి వరండాలోనే పడుకున్నాడు. లోపలికి రండి, నలుగురూ చూస్తారు అంటే, చూస్తే చూడనీవే, ఊపిరాడాలి కదా అనేవాడు. బతికినన్నాళ్ళూ గాలికి కొట్టుకున్నవాణ్ణి, పోయాక తలుపులు బిగించి తినమంటున్నాం. నాకూ ఇన్నేళ్ళూ తట్టలేదు." ఆవిడ గోడ పట్టుకుని లేచింది. "పీటలు వరండాలోకి మార్చండి. నన్నెవరూ పట్టుకోనక్కర్లేదు, నేను నడుస్తా. త్రిపురా, ఇంకా నిలబడ్డావేం? నూతి దగ్గరికి వెళ్ళి నాలుగు చేదలు గుమ్మరించుకో. వడ్డించేది ఎవరనుకున్నావ్?"

త్రిపురసుందరి అప్పుడు చేతులు దించింది. దించాకే తెలిసింది, భుజాలు ఎంత లాగేశాయో.

*

వరండాలో విస్తళ్ళు పడ్డాయి. సముద్రం వైపు నుంచి గాలి ఆకుల్ని ఎగరగొడుతుంటే శాస్త్రి చెంబులు బరువు పెట్టాడు. తల నుంచి నీళ్ళు కారుతుండగా త్రిపురసుందరి మళ్ళీ మడితో వడ్డించింది. సత్యవతమ్మ అందరికీ ఎడంగా గాలికి ఎదురుగా కూర్చుంది.

ప్రహరీ మీద నుంచి శ్యాంబాబు తల లేచింది. మాస్కు మూతికి ఉంది, ముక్కు మాత్రం మినహాయింపు తీసుకుంది.

"అదేంటి మాస్టారూ! తద్దినం బయట పెట్టేశారు? అందరి కళ్ళూ పడవూ?"

మామూలుగా అయితే త్రిపురసుందరి గుండె జారేది. ఆవిడ భర్త వైపు చూసింది. పాండురంగ గారు తలెత్తారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం క్లాసులో గొంతే.

"పడనీవయ్యా శ్యాంబాబూ. కళ్ళు పడితే దిష్టి తీసుకుంటాం. ఆ వైరస్ పడితే ఏం తీసుకుంటాం? నిన్న గ్రూపులో నేను చెప్పింది తప్పు. మా అమ్మాయి చెప్పింది రైటు. ఈ మాట నువ్వే పెట్టు గ్రూపులో, నా పేరుతోనే పెట్టు. ఆ మాస్కు కాస్త ముక్కు మీదకి లాక్కుని పెట్టు."

గుమ్మం పక్కన వేదశ్రీ చటుక్కున తల తిప్పుకుని చున్నీతో కళ్ళు తుడుచుకుంది. తండ్రి తప్పు ఒప్పుకోవాలని నిన్నట్నుంచీ పోట్లాడింది. తీరా ఒప్పుకుంటే చూడలేకపోయింది.

భోక్తలు తృప్తిగా లేచారు. పిండాలయ్యాక తర్పణాలు మొదలయ్యాయి. దర్భ వేలికి తొడుక్కుని, నువ్వులూ నీళ్ళూ వదులుతూ పాండురంగ గారు తండ్రిని, తాతని, ముత్తాతని పేరుపేరునా తలుచుకున్నారు. తరువాత చుట్టాల వంతు. శాస్త్రి వరసలు అడుగుతుంటే, పోయినవాళ్ళు ఉంటే పేరు చెప్పాలి, లేకపోతే ముందుకు వెళ్ళాలి.

"పినతండ్రులు?" చెప్పారు. "మేనత్తలు?" చెప్పారు. "మావగారు?" చెప్పారు.

"శ్యాలకులు? అంటే బావమరుదులు, గతించిన వాళ్ళెవరైనా?"

ఎప్పుడూ ఆ వరస దగ్గర ఆగే పని ఉండేది కాదు. చేతిలో నీళ్ళు అలాగే ఉండిపోయాయి. శాస్త్రి రెండోసారి అడగలేదు, ఆగాడు. 

"ఉన్నాడు," అన్నారు పాండురంగ గారు. "సీతాపతి."

పేరు బయటికి వచ్చేసరికి ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. సీతాపతి పోయిన ఏడాదికి, పసివాడిలా, వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తుండగా ఏడ్చారు. ఎవరూ ఓదార్చలేదు. మడిలో ఉన్నవాణ్ణి ముట్టుకుని ఓదార్చే వీలు కూడా లేదు.

"గోత్రం?" అన్నాడు శాస్త్రి మెల్లిగా.

ఆయనకి తెలియని గోత్రం కాదు. అయినా తల తిప్పి భార్య వైపు చూశారు.

తర్పణం వేళ ఆడవాళ్ళు నోరెత్తే ఆనవాయితీ ఆ ఇంట్లో లేదు. త్రిపురసుందరి గుమ్మంలోంచి రెండడుగులు ముందుకు వచ్చింది.

"భారద్వాజస గోత్రం," అంది, వీధి చివరి దాకా వినపడేలా. "మా తమ్ముడిది భారద్వాజస గోత్రం."

పాండురంగ గారు ఆవిడ మాటనే మళ్ళీ పలికి, నీళ్ళు వదిలారు.